అమెరికా ఇళ్లలో బట్టల డ్రయ్యర్ ప్లగ్, వైరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారినప్పుడో, కొత్త డ్రయ్యర్ కొన్నప్పుడో ఎదురయ్యే చిక్కు ఒకటే: మిషన్ ఇంటికి వచ్చేస్తుంది, దాని ప్లగ్ గోడలో దూరదు. అక్కడి నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబు దానికదే చదువుకోవచ్చు. ఫేజు, ఎర్త్ అని మనకు అలవాటైన మాటలే వాడాం. అమెరికా దుకాణంలో అడిగేటప్పుడు మాత్రం వాటిని హాట్, గ్రౌండ్ అనాలి.

## కొనే ముందు

డ్రయ్యర్ కొంటే ప్లగ్ వైరు దానితోనే వస్తుందా?

చాలా మోడళ్లకు రాదు. అమెరికా ఇళ్లలో రెండు రకాల సాకెట్లు వాడుకలో ఉన్నాయి, మీ గోడకు ఏది ఉందో తయారీదారుకు తెలియదు. అందుకే ఆ ప్లగ్ వైరును (దుకాణంలో కార్డ్ అంటారు) విడిగా కొనుక్కోవాలి. ముందుగా గోడ సాకెట్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లండి. దుకాణంలో "30 ఆంపియర్ల డ్రయ్యర్ కార్డ్" అని అడగండి. మూడు పిన్నులదా, నాలుగు పిన్నులదా, పొడవు 4 అడుగులా, 6 అడుగులా అనేది చెప్పాలి. అదే అరలో వంట పొయ్యికి వాడే 50 ఆంపియర్ల కార్డులు కూడా వేలాడుతుంటాయి. పైకి దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పొరపాటున అది పట్టుకొస్తే గోడలో దూరదు. కార్డ్‌ను డ్రయ్యర్ వెనక కన్నంలో కదలకుండా పట్టి ఉంచే ముప్పావు అంగుళం క్లాంపు ప్యాకెట్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అదీ కొనాలి.

మూడు పిన్నులు, నాలుగు పిన్నులు అని రెండు రకాలెందుకు?

ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు రెండు ఫేజు వైర్లు, ఒక న్యూట్రల్ కావాలి. రెండు ఫేజుల మధ్య 240 వోల్టులు ఉంటాయి, హీటర్ దానిమీద పనిచేస్తుంది. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు ఉంటాయి, డ్రమ్మును తిప్పే మోటారు, బల్బు, టైమర్ దానిమీద నడుస్తాయి. వీటితోపాటు బాడీకి షాక్ రాకుండా కాపాడే ఎర్త్ ఉండాలి. పాత పద్ధతిలో ఎర్త్‌కు వేరే వైరు లేదు, న్యూట్రల్‌నే డ్రయ్యర్ బాడీకి కలిపేవారు. మూడు పిన్నులది అదే, దాని పేరు నీమా 10-30 (నీమా అంటే అమెరికాలో ప్లగ్‌ల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ). అమెరికా వైరింగ్ నియమాల పుస్తకమైన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1996 ఎడిషన్ నుంచి కొత్త డ్రయ్యర్ సర్క్యూట్లకు ఎర్త్ వైరు వేరుగా ఉండి తీరాలి. అలా వచ్చింది నాలుగు పిన్నుల నీమా 14-30. కోడ్‌ను ఒక్కో రాష్ట్రం ఒక్కో సమయంలో అమల్లోకి తెచ్చుకుంది కాబట్టి, 1990ల చివర్లో కట్టిన ఇళ్లలో రెండింట్లో ఏదైనా ఉండవచ్చు.

గ్యాస్ డ్రయ్యర్‌కు కూడా ఈ పెద్ద ప్లగ్ కావాలా?

అక్కర్లేదు. వేడి గ్యాస్ నుంచి వస్తుంది. మోటారుకు, మంట అంటించే భాగానికి మాత్రమే కరెంటు కావాలి, దానికి 120 వోల్టుల మామూలు సాకెట్ చాలు.

మా ఇంట్లో 240 వోల్టుల సాకెట్టే లేదు. కరెంటు డ్రయ్యర్ పెట్టుకునే దారి లేదా?

ఉంది. 120 వోల్టుల సాకెట్‌తో నడిచే చిన్న డ్రయ్యర్లు దొరుకుతాయి. వాటిలో హీట్ పంప్ రకానికి గొట్టం బయటికి పెట్టాల్సిన పని కూడా లేదు. బట్టలు తక్కువ పడతాయి, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. కొనే ముందు స్పెసిఫికేషన్ పట్టికలో వోల్టేజ్ తప్పకుండా చూడండి. చిన్న సైజు డ్రయ్యర్లన్నీ 120 వోల్టులవి కావు, 240 అడిగేవీ ఉన్నాయి.

## గోడ సాకెట్‌ను గుర్తుపట్టడం

గోడకు ఉన్నది డ్రయ్యర్ సాకెట్టో, పొయ్యి సాకెట్టో ఎలా తెలుస్తుంది?

న్యూట్రల్ కన్నం ఆకారం చూడండి. 30 ఆంపియర్ల డ్రయ్యర్ సాకెట్‌లో ఆ కన్నం తిరగేసిన మూలమట్టంలా వంకరగా ఉంటుంది. 50 ఆంపియర్ల పొయ్యి సాకెట్‌లో అది నిటారు గీతలా ఉంటుంది. మూడు కన్నాల డ్రయ్యర్ సాకెట్‌లో మిగతా రెండు కన్నాలు ఏటవాలుగా ఉంటాయి. నాలుగు కన్నాల దాంట్లో ఆ రెండూ నిటారుగా, వాటితోపాటు ఎర్త్ కోసం ఒక గుండ్రని కన్నం ఉంటాయి. సాకెట్ ముఖంమీద అచ్చువేసిన అక్షరాలు కూడా చదవండి. 30 ఆంపియర్లు, 125/250 వోల్టులు అని ఉండాలి. 125 అన్న అంకె లేకుండా ఒట్టి 250 వోల్టులు అని ఉంటే దానికి న్యూట్రల్ లేదని అర్థం. అది ఏసీకో వెల్డింగ్ మిషన్‌కో పెట్టినది, మామూలు అమెరికన్ డ్రయ్యర్‌కు పనికిరాదు. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడుకుని దాన్ని నడిపించే ఉపాయం ఎవరైనా చెబితే వినకండి.

గ్యారేజీలో 50 ఆంపియర్ల సాకెట్ ఉంది. డ్రయ్యర్‌కు 50 ఆంపియర్ల ప్లగ్ బిగించి వాడవచ్చా?

వద్దు. డ్రయ్యర్ లోపలి వైర్లు, టెర్మినళ్లు 30 ఆంపియర్ల బ్రేకర్ కాపాడుతుందన్న లెక్కతో తయారైనవి. లోపల ఏదైనా చెడి 45 ఆంపియర్లు లాగుతున్నా 50 ఆంపియర్ల బ్రేకర్ పడదు, కాలేది డ్రయ్యర్ వైరింగే. ఆ లైనును డ్రయ్యర్‌కే కేటాయించదలిస్తే ప్యానెల్‌లో (ఇంటి బ్రేకర్లుండే పెట్టెలో) బ్రేకర్‌ను 30కి, గోడ సాకెట్‌ను 14-30కి మార్పించాలి. గోడలోని వైరు అవసరానికి మించి లావుగా ఉన్నా నష్టం లేదు.

సాకెట్‌లో కరెంటు సరిగ్గా ఉందో లేదో మల్టీమీటర్‌తో ఎలా చూడాలి?

మీటర్‌ను ఏసీ వోల్టులకు, 600 శ్రేణిలో పెట్టండి. ప్రోబ్‌ల లోహపు మొనలు వేళ్లకు తగలకూడదు. నాలుగు కన్నాల సాకెట్‌లో చూడాల్సినవి:

- రెండు ఫేజుల మధ్య సుమారు 240
- ఒక్కో ఫేజు నుంచి న్యూట్రల్‌కు 120
- ఒక్కో ఫేజు నుంచి ఎర్త్‌కు 120
- న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు సున్నా, లేదా దాని దగ్గర్లో

మూడు కన్నాల దాంట్లో ఎర్త్ లేదు కాబట్టి మొదటి రెండే ఉంటాయి. ఫేజుల మధ్య 240 వచ్చి, న్యూట్రల్‌కు మాత్రం 80, 160 అంటూ పొంతన లేని అంకెలు వస్తుంటే ఎక్కడో న్యూట్రల్ వదులైందని గట్టిగా అనుమానించాలి. ఆ స్థితిలో డ్రయ్యర్ పెట్టవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మా అపార్ట్‌మెంట్‌లో 240కి బదులు 208 చూపిస్తోంది. ఏమైనా లోపమా?

లోపం కాదు. పెద్ద భవనాలకు త్రీ ఫేజ్ సరఫరా ఇస్తే రెండు ఫేజుల మధ్య 208 వోల్టులే వస్తాయి. అక్కడ డ్రయ్యర్ నడుస్తుంది, కానీ వేడి తగ్గుతుంది. 240 వద్ద 5,600 వాట్ల హీటర్ 208 వద్ద సుమారు 4,200 వాట్లే ఇస్తుంది, అంటే నాలుగో వంతు తక్కువ. బట్టలు ఆలస్యంగా ఆరడం అందుకే. డ్రయ్యర్ లేబుల్‌మీద 120/208 అని కూడా రాసి ఉందో లేదో చూసుకోండి.

## కార్డ్ బిగించేటప్పుడు

గోడలో మూడు కన్నాలు, నా డ్రయ్యర్‌కు నాలుగు పిన్నులు. ఏది మార్చాలి?

డ్రయ్యర్ కార్డ్ మార్చండి, గోడ జోలికి వెళ్లకండి. డ్రయ్యర్‌లు సాధారణంగా రెండు రకాల కార్డులకూ అనుకూలంగానే తయారవుతాయి, మార్పుకు అరగంట చాలు. గోడ సాకెట్ మార్చాలంటే మాత్రం లోపలి వైరింగ్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. అద్దె ఇంట్లోనైతే సాకెట్ ఇంటి యజమానిది, కార్డ్ మీది. ఒక్కమాట మరవకండి: కార్డ్ మార్చినప్పుడు డ్రయ్యర్ వెనక న్యూట్రల్‌నూ బాడీనీ కలిపే చిన్న పట్టీని కూడా దానికి తగ్గట్టు సర్దాలి. మూడు వైర్లకు అది ఉండాలి, నాలుగు వైర్లకు అది ఉండకూడదు. ప్లగ్ గోడలో దూరినంత మాత్రాన వైరింగ్ సరైనట్టు కాదు.

నాలుగు వైర్ల కార్డ్‌ను వరుసగా ఎలా బిగించాలి?

కార్డ్ గోడకు తగిలించకుండా మొదలుపెట్టండి. పాత కార్డ్ ఉంటే ముందు దాన్ని గోడ నుంచి పీకేయండి.

1. డ్రయ్యర్ వెనక చిన్న రేకు మూత స్క్రూ విప్పి తీయండి. లోపల వరుసగా మూడు టెర్మినళ్లు, పక్కన బాడీకి బిగించిన పచ్చ స్క్రూ కనిపిస్తాయి.
2. కింది కన్నంలో క్లాంపు అమర్చి, దాని గుండా కార్డ్ లోపలికి తీయండి. ముందు వైర్లు బిగించేసి క్లాంపు తర్వాత చూద్దామనుకుంటే మళ్లీ అన్నీ విప్పాల్సి వస్తుంది.
3. మధ్య టెర్మినల్ నుంచి బాడీకి వెళ్లే రాగి పట్టీని తీసేయండి. కొన్ని మోడళ్లలో పట్టీకి బదులు డ్రయ్యర్ లోపలి నుంచి వచ్చే తెల్ల వైరు పచ్చ స్క్రూకు కట్టి ఉంటుంది. దాన్ని విప్పి మధ్య టెర్మినల్‌కు మార్చండి.
4. కార్డ్‌లోని పచ్చ వైరును పచ్చ స్క్రూకు బిగించండి.
5. తెల్ల వైరు మధ్య టెర్మినల్‌కు.
6. ఎరుపు, నలుపు అటూ ఇటూ ఉన్న టెర్మినళ్లకు. ఏది ఎటైనా ఫరవాలేదు.
7. స్క్రూలు గట్టిగా బిగించండి. ఒక్కో వైరును పట్టుకుని లాగి చూడండి, వేలితో తిప్పినా కదలకూడదు. తర్వాత క్లాంపు బిగించి, మూత పెట్టండి.

గోడకు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని. మీటర్‌ను ఓమ్‌లకు మార్చి, ప్లగ్‌లోని ఎర్త్ పిన్నుకూ డ్రయ్యర్ బాడీమీద పెయింట్ లేని స్క్రూకూ మధ్య చూడండి. దాదాపు సున్నా రావాలి. న్యూట్రల్ పిన్నుకూ బాడీకీ మధ్య మాత్రం కలయిక ఉండకూడదు. అక్కడ కూడా సున్నా వస్తే పట్టీ ఇంకా ఉందన్నమాట.

మూడు వైర్ల కార్డ్‌కు రంగుల్లేవు, మూడూ బూడిద రంగే. ఏది ఎక్కడ?

బల్లపరుపుగా ఉండే ఆ కార్డ్‌లో మధ్యలోని వైరు న్యూట్రల్, అటూ ఇటూ ఉన్నవి ఫేజులు. మధ్యదాన్ని మధ్య టెర్మినల్‌కు, అంచు వైర్లను అంచు టెర్మినళ్లకు బిగించండి. మధ్య టెర్మినల్ నుంచి బాడీకి వెళ్లే పట్టీ తప్పకుండా ఉండాలి. అంతకుముందు నాలుగు వైర్లతో వాడిన డ్రయ్యర్ అయితే ఎవరో ఆ పట్టీ తీసేసి ఉంటారు. అది లేకుండా మూడు వైర్లతో నడిపితే బాడీకి ఏ రక్షణా ఉండదు, లోపల ఫేజు వైరు తగిలినా బ్రేకర్ పడదు. తీసిన పట్టీని పారేయకుండా కవర్లో పెట్టి డ్రయ్యర్ వెనక అతికించి ఉంచితే తర్వాత వాడేవాళ్లకు మేలు.

పట్టీ తీయకుండానే నాలుగు వైర్లు పెట్టాను, డ్రయ్యర్ చక్కగా నడుస్తోంది. అంత ప్రమాదమా?

అవును. నడవడం దీనికి కొలమానం కాదు, తప్పుగా కట్టినా డ్రయ్యర్ మామూలుగానే నడుస్తుంది. పట్టీ ఉంటే మోటారు కరెంటు న్యూట్రల్ వైరులోనే కాక ఎర్త్ వైరు గుండా, డ్రయ్యర్ బాడీ గుండా కూడా తిరిగి వెళ్తుంది. ఎర్త్ వైరు మామూలు సమయాల్లో ఖాళీగా ఉండాలి, లోపం వచ్చిన క్షణంలోనే కరెంటు మోయాలి.

అసలు పట్టీ ఉన్న పాత పద్ధతిలోనే ప్రమాదం ఎక్కడుందో చూడండి. మూడు వైర్ల అమరికలో న్యూట్రల్ ఎక్కడైనా తెగిందనుకుందాం. ఫేజు నుంచి వచ్చిన కరెంటు మోటారు చుట్టల గుండా మధ్య టెర్మినల్‌కు వస్తుంది, వెళ్లే దారి లేదు, పట్టీ మీదుగా బాడీకి చేరుతుంది. డ్రయ్యర్ రేకుమీద 120 వోల్టులు నిలబడతాయి. పక్కనే ఎర్త్ ఉన్న వాషింగ్ మిషన్ ఉంటుంది. తడి బట్టలతో ఒక చెయ్యి దానిమీద, ఇంకో చెయ్యి డ్రయ్యర్ తలుపుమీద వేసినవారి గుండె మీదుగా ఆ కరెంటు వెళ్తుంది. నాలుగో వైరు పెట్టిందే దీన్ని ఆపడానికి. పట్టీని తీయకుండా ఉంచేస్తే న్యూట్రల్‌ను, బాడీని మళ్లీ ఒకటి చేసి ఆ రక్షణను పోగొట్టుకున్నట్టే.

మూడు నుంచి నాలుగు పిన్నులకు మార్చే అడాప్టర్ పెడితే సరిపోదా?

కన్నాలు కలుస్తాయి, ఎర్త్ మాత్రం పుట్టదు. గోడలో లేని వైరును అడాప్టర్ తేలేదు. నాలుగు వైర్లకు తగ్గట్టు పట్టీ తీసేసిన డ్రయ్యర్‌ను అలాంటి అడాప్టర్‌తో మూడు కన్నాల్లో పెడితే బాడీ దేనికీ కలవకుండా ఉండిపోతుంది. కార్డ్ మార్చడమే సరైన పని.

కార్డ్ పొడవు చాలట్లేదు. ఎక్స్‌టెన్షన్ వైరు వాడవచ్చా?

వాడకండి. డ్రయ్యర్ 23 ఆంపియర్లకు పైగా గంటసేపు లాగుతుంది. మధ్యలో ఇంకో జత పిన్నులు చేరితే వేడెక్కే చోటు ఇంకోటి చేరినట్టే. 6 అడుగులు చాలకపోతే 10 అడుగుల డ్రయ్యర్ కార్డ్ వెతకండి, లేదా సాకెట్‌ను జరిపించండి.

## పాత సాకెట్‌ను మార్చాలనుకుంటే

మూడు కన్నాల సాకెట్ తీసేసి నాలుగు కన్నాలది పెట్టేస్తే అయిపోతుందా?

గోడలోపల ఏ వైరు ఉందో దాన్నిబట్టి ఉంటుంది. బ్రేకర్ ఆపి, మీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే పెట్టె తెరవాలి.

నలుపు, ఎరుపు, తెలుపు వైర్లతోపాటు వాడకుండా మడిచిపెట్టిన ఉత్త రాగి తీగ కనిపిస్తే మీ అదృష్టం. అటువైపు ప్యానెల్‌లో కూడా ఆ తీగ ఎర్త్ పట్టీకి కలిసి ఉందని చూసుకుంటే 14-30 సాకెట్ పెట్టుకోవచ్చు. రెండు తొడుగు వైర్లు, ఒక ఉత్త తీగ మాత్రమే ఉంటే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ కలిపి అదొక్కటే దిక్కు. దానికి నాలుగు కన్నాల సాకెట్ పెట్టకూడదు. అలాంటి చోట కొందరు సాకెట్ వెనక న్యూట్రల్, ఎర్త్ స్క్రూలను చిన్న ముక్కతో కలిపేస్తారు. బయటికి నాలుగు కన్నాలు కనిపిస్తాయి, లోపల పాత పద్ధతే. తర్వాత వచ్చేవారు దాన్ని నమ్మి మోసపోతారు. మూడు వైర్లే ఉన్నచోట ప్యానెల్ నుంచి కొత్త కేబుల్ లాగించడం మేలైన దారి. ఎర్త్ ఒక్కటే విడిగా లాగే వీలు కూడా కోడ్‌లో ఉంది, కానీ ముందుగా స్థానిక ఇన్‌స్పెక్టర్‌ను అడగాలి.

పాత మూడు వైర్ల లైనును అలాగే ఉంచడం కోడ్‌కు విరుద్ధమా?

ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకోవడానికి కోడ్ అనుమతిస్తుంది, కొన్ని షరతులున్నాయి. న్యూట్రల్ రాగి అయితే కనీసం 10 గేజ్, అల్యూమినియం అయితే 8 గేజ్ ఉండాలి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). న్యూట్రల్‌కు తొడుగు ఉండాలి. తొడుగు లేని న్యూట్రల్ ఉన్న సర్వీస్ కేబుల్ అయితే అది సబ్ ప్యానెల్ (మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే రెండో పెట్టె) నుంచి కాక మెయిన్ ప్యానెల్ నుంచే మొదలవ్వాలి. కొత్తగా వేసే లైనుకు ఈ సడలింపు లేదు. మొబైల్ హోమ్‌లలో డ్రయ్యర్‌కు నాలుగు వైర్లే వాడాలి.

కొత్త లైను వేయించాలంటే ఏ వైరు, ఏ బ్రేకర్?

30 ఆంపియర్ల డబుల్ పోల్ బ్రేకర్ (రెండు ఫేజులనూ కలిపి ఆపేది), 10 గేజ్ రాగి కేబుల్, 14-30 సాకెట్. కేబుల్‌లో నలుపు, ఎరుపు, తెలుపుతోపాటు ఎర్త్ తీగ ఉండాలి. దుకాణంలో దీన్ని "టెన్ త్రీ విత్ గ్రౌండ్" అంటారు. "టెన్ టూ" కొంటే ఒక వైరు తక్కువవుతుంది. 12 గేజ్ వైరు 30 ఆంపియర్ల బ్రేకర్‌కు చాలదు. సబ్ ప్యానెల్ నుంచి తీస్తుంటే న్యూట్రల్, ఎర్త్ వేర్వేరు పట్టీలకు వెళ్లాలి. 2020 లేదా ఆ తర్వాతి ఎడిషన్ కోడ్ అమల్లో ఉన్నచోట లాండ్రీ స్థలంలోని ఈ సాకెట్‌కు జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) కూడా కావాలి. పర్మిట్ తీసుకుని చేయించండి.

## వాడుతున్నప్పుడు వచ్చే ఇబ్బందులు

డ్రమ్ము తిరుగుతోంది, కానీ వేడి రావట్లేదు. హీటర్ పోయిందా?

హీటర్ కొనే ముందు సాకెట్ కొలవండి. రెండు ఫేజుల్లో ఒకటి పోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మోటారుకు ఒక ఫేజు చాలు, హీటర్‌కు రెండూ కావాలి. ఫేజుల మధ్య 240 రాకుండా, ఒక ఫేజుకు మాత్రమే 120 వస్తుంటే లోపం డ్రయ్యర్‌ది కాదు. బ్రేకర్‌ను పూర్తిగా ఆఫ్ వైపుకు నొక్కి మళ్లీ వేసి చూడండి. పాత ఫ్యూజు పెట్టెల్లో రెండు ఫ్యూజుల్లో ఒకటే పోయి ఉండవచ్చు. పోయింది మోటారు వైపు ఫేజు అయితే డ్రయ్యర్ అసలు కదలదు. సాకెట్‌లో అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే తెగిపోయే భాగం), హీటర్ చూడాలి. గాలి గొట్టం పీచుతో మూసుకుపోవడం వాటిని తరచూ పాడుచేస్తుంది.

డ్రయ్యర్‌ను ముట్టుకుంటే జివ్వుమంటోంది. కాసేపు వాడవచ్చా?

ఒక్క లోడు కూడా వద్దు. మిషన్‌ను తాకకుండా ప్యానెల్‌లో బ్రేకర్ ఆపేయండి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. మూడు వైర్ల లైను అయితే న్యూట్రల్ తెగిందేమో, నాలుగు వైర్లదైతే ఎర్త్ ఎక్కడ ఊడిందో, లోపల ఏ వైరు రేకుకు రాసుకుంటోందో చూపించాలి.

ప్లగ్ వేడెక్కి, ఒక పిన్ను దగ్గర నల్లబడింది. ఎందుకు?

వదులు కలయిక వల్ల. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, 23 ఆంపియర్లు అందులోంచి వెళ్తే అక్కడే వేడి పుడుతుంది. ఆ వేడికి సాకెట్ లోపలి బిగువు ఇంకా తగ్గుతుంది, అలా రోజురోజుకూ ముదురుతుంది. బ్రేకర్ దీన్ని పసిగట్టలేదు, ఎందుకంటే లాగే కరెంటు పెరగలేదు. లోడు నడిచాక ప్లగ్ గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడి, ప్లాస్టిక్ వాసన, గోధుమ రంగు మరక ఉంటే ఆపేయాలి. నల్లబడ్డ పిన్నును గీకి మళ్లీ పెట్టడం వృథా. కార్డ్, సాకెట్ రెండూ మార్చాలి, కాలిన వైరు చివరను మెరిసే లోహం వచ్చేదాకా కత్తిరించాలి. అల్యూమినియం వైరు అయితే దానికి తగిన గుర్తు ఉన్న సాకెట్టే పెట్టాలి. డ్రయ్యర్ వెనక టెర్మినళ్ల స్క్రూలు కూడా ఈ సందర్భంలో తప్పక చూడండి, కాలడం అక్కడా మొదలవుతుంది.

జీఎఫ్‌సీఐ బ్రేకర్ పెట్టించాక డ్రయ్యర్ మొదలుపెట్టగానే పడిపోతోంది. బ్రేకర్ చెడ్డదా?

ముందు డ్రయ్యర్ వెనక న్యూట్రల్, బాడీ పట్టీ చూడండి. అది ఉండిపోతే కరెంటులో కొంత భాగం ఎర్త్ దారిలో తిరిగి వెళ్తుంది, బ్రేకర్ దాన్ని లీకేజీగా పట్టుకుంటుంది. అంటే బ్రేకర్ తన పని సరిగ్గా చేస్తోంది. పట్టీ లేకపోయినా పడుతుంటే హీటర్ తీగ తెగి రేకుకు తగులుతోందేమో చూపించండి. 30 బదులు 40 ఆంపియర్ల బ్రేకర్ వేసి ఈ సమస్యను దాటాలనుకోవద్దు, అది 10 గేజ్ వైరును కాల్చే పని.

డ్రయ్యర్ సాకెట్‌తో ఎలక్ట్రిక్ కారు చార్జ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, రెండూ ఒకేసారి కాదు. కారు చార్జింగ్ గంటల తరబడి సాగేది కాబట్టి 30 ఆంపియర్ల లైనుమీద 24 ఆంపియర్లకు మించకూడదు, చార్జర్‌ను దానికి తగ్గట్టు సెట్ చేయాలి. డ్రయ్యర్ నడిచేటప్పుడు కారును తనంతట తానే ఆపే స్ప్లిటర్లు ఉన్నాయి. రోజూ ప్లగ్ పీకి పెడుతుంటే మామూలు సాకెట్ త్వరగా వదులవుతుంది.

ఇండియాకు తిరిగి వెళ్తున్నాం. ఈ డ్రయ్యర్ అక్కడ నడుస్తుందా?

ప్లగ్ మార్చితే సరిపోయే విషయం కాదు. అక్కడ ఇంట్లో ఒక ఫేజు, ఒక న్యూట్రల్, వాటి మధ్య 230 వోల్టులు. హీటర్‌కు అది సరిపోతుంది, కానీ మోటారుకు కావాల్సిన 120 వోల్టులు ఎక్కడా దొరకవు. ట్రాన్స్‌ఫార్మర్‌తో తెచ్చుకున్నా, 60 హెర్ట్జ్‌కు చేసిన మోటారు 50 హెర్ట్జ్‌లో ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. డ్రమ్ములో గాలి కూడా తగ్గుతుంది. ఇక్కడే అమ్మేసి వెళ్లండి. కొనేవారికి కార్డ్‌తోపాటు ఆ చిన్న రాగి పట్టీ కూడా ఇవ్వండి.